ఎండ వల్ల వచ్చే గరుకు మచ్చలు: అశ్రద్ధ చేయకండి

(కొత్తకోటలో రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ఆరోగ్య ప్రసంగం)



పొలంలో కలుపు తీసినా, వలసపోయి కాలువలు తవ్వినా పాలమూరు మనిషి బతుకు ఎండలోనే. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది గొడుగులా అడ్డుపడుతుంది. అందుకే తెల్లవారి దేశాల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బు మనలో తక్కువ.

కానీ కొందరికి పుట్టుకతోనే ఆ గొడుగు ఉండదు. చర్మం, జుట్టు తెల్లగా ఉండి, వెలుతురుకు కళ్ళు తెరవలేని పిల్లలను మీరు చూసే ఉంటారు. దీనిని ఆల్బినిజం అంటారు. ఇది బొల్లి కాదు, అంటుకోదు, ఎవరి పాపఫలమూ కాదు. ఈ పిల్లల విషయంలో ఇంటివారు ఎక్కువ జాగ్రత్త పడాలి.

గుర్తించడం ఎలా?

ఏళ్ళ తరబడి ఎండ తగిలిన ముఖం, చెవులు, కింది పెదవి, బట్టతల, ముంజేతులపై చిన్న గరుకు మచ్చలు వస్తాయి. కంటికంటే ముందు వేలికే తెలుస్తాయి. పొట్టు రాలి, మళ్ళీ అక్కడే కడుతుంది. వీటిని యాక్టినిక్ కెరటోసిస్ అంటారు. ఇవి క్యాన్సర్ కాదు. చాలావరకు క్యాన్సర్‌గా మారవు కూడా. అయితే ఏది మారుతుందో ముందుగా చెప్పలేము. మచ్చ గట్టిపడినా, నొప్పి పుట్టినా, రక్తం కారినా, పుండై మానకపోయినా ఆలస్యం చేయవద్దు. చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి.

చికిత్స ఏమిటి?

ఒకటి రెండు మచ్చలుంటే ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి తీసేస్తారు. కొద్ది నిమిషాల పని. ఎక్కువ ఉంటే ఫ్లోరోయురాసిల్ పూత మందు కొన్ని వారాలు రాయమంటారు. అప్పుడు చర్మం ఎర్రబడి, మండి, పక్కు కడుతుంది. మందు పనిచేసేటప్పుడు సాధారణంగా అలాగే ఉంటుంది. భయపడి మీరే ఆపేయకండి, డాక్టరును అడగండి. గర్భిణులు ఈ మందు వాడరాదు. క్యాన్సర్ అని తేలితే హైదరాబాదులోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో చికిత్స ఉంది.

సున్నం, సోడా, జీడి పెట్టి మచ్చను కాల్చకండి. పైన మాడిపోయినా లోపల జబ్బు మిగలవచ్చు.

నివారణ మన చేతిలోనే

ఆల్బినిజం ఉన్నవారు పగలు 10 నుండి 4 గంటల వరకు నీడపట్టున ఉండాలి. నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, నల్ల కళ్ళద్దాలు వాడాలి. ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ రాసి, బయట ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. బడిలో ఎండ పడని చోట, నల్లబల్లకు దగ్గరగా కూర్చోబెట్టమని మాస్టారుకు చెప్పండి.

నెలకొకసారి పిల్లవాడి ముఖం, చెవులు, చేతులు మీ వేళ్ళతో తడిమి చూడండి. గరుకు తగిలి కొన్ని వారాల్లో పోకపోతే వెంటనే తీసుకురండి. పుండు కాకముందే వస్తే చిన్న చికిత్సతో సరిపోతుంది.