అడ్రసు ఇచ్చిందెవరు?

(కువైట్‌లో ఉంటున్న ఒక ఐటీ కన్సల్టెంట్ సామాజిక రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ఈ వారం కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కంప్యూటర్లనగానే రేడియో కట్టేయకండి. ఇది యంత్రాల కథే అయినా, మధ్యలో ఒక కుర్రాడి ఉద్యోగం ఉంది, నేను చేసిన ఒక తప్పు ఉంది.

నేను కువైట్‌లో అర్దియా వైపు ఎక్కువగా పని చేస్తుంటాను. ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి అర్దియా అంటే జాబెర్ అల్ అహ్మద్ స్టేడియం గుర్తొస్తుంది. మా బోటివాళ్ళకి మాత్రం అర్దియా అంటే గ్యారేజీలు, వర్క్‌షాపులు, చిన్న చిన్న ఆఫీసులు. అక్కడ ఒక శిక్షణ కేంద్రానికి కంప్యూటర్ల పనులు కాంట్రాక్టు మీద చూసేవాణ్ణి. పేరు చెప్పను, కథకి అది అవసరం లేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది కదా. దానికి ముందే, సెప్టెంబరులో, ఆ కేంద్రం వాళ్ళు పాతవి తీసేసి 32 కొత్త కంప్యూటర్లు కొన్నారు. ఆదివారం పొద్దున పరీక్ష. ఇక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. గురువారం సాయంత్రం క్లాసులు అయ్యాక మొదలుపెట్టి, రాత్రికి రాత్రి అన్నిటిలోనూ విండోస్ 11, పరీక్ష సాఫ్ట్‌వేరు ఎక్కించేయాలని మా ప్లాను.

ముప్ఫై రెండిటికీ విడివిడిగా ఎక్కించుకుంటూ కూర్చుంటే వారం పడుతుంది. అందుకని ఒక కంప్యూటర్‌ని శుభ్రంగా తయారుచేసి, దాని డిస్కుని ఉన్నదున్నట్టుగా ఒక సర్వర్‌లో దాస్తాం. దాన్నే ఇమేజ్ అంటారు. ఇటుకల అచ్చు లాంటిదన్నమాట. మిగతా కంప్యూటర్లు నెట్‌వర్క్ కేబుల్ గుండా ఆ అచ్చులోంచి తమ కాపీ తాము తీసుకుంటాయి. ఈ పని చేసే ప్రోగ్రాముల్లో ఘోస్ట్ న్యూజీలాండ్‌లో పుట్టింది, 1998లో సిమాంటెక్ కంపెనీ కొనుక్కుంది. క్లోన్‌జిల్లా తైవాన్‌ది. మేం వాడింది ఫాగ్. 2007లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేరు అది. ఫాగ్ అంటే పొగమంచు అని నవ్వుకునేవాళ్ళం. ఆ రాత్రి నిజంగానే నా కళ్ళకి పొగమంచు కమ్మింది.

ఇందులో కిటుకంతా మొదటి నిమిషంలోనే ఉంది. కొత్త కంప్యూటర్ డిస్కు ఖాళీ. తనకి అడ్రసు లేదు, ఎవరిని అడగాలో తెలియదు. మొదటిసారి కువైట్ ఎయిర్‌పోర్టులో దిగిన మనవాణ్ణి ఊహించుకోండి. భాష రాదు, చేతిలో ఫోన్ నంబరు లేదు. బయటికొచ్చి, "నేనొచ్చాను, ఎక్కడికెళ్ళాలో ఎవరైనా చెప్పండి" అని గట్టిగా కేకేస్తాడు. కంప్యూటర్ కూడా అచ్చం అలాగే నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా కేకేస్తుంది. అప్పుడు డీహెచ్‌సీపీ అనే సర్వర్ జవాబిస్తుంది. "నీ గది నంబరు ఇది. నీకు పని ఇచ్చే ఆసామి ఫలానా చోట ఉంటాడు. వెళ్ళి ఫలానా కాగితం అడుగు." ఆ కాగితమే బూట్ ఫైలు. దాన్ని టీఎఫ్‌టీపీ అనే పద్ధతిలో తెచ్చుకుని కంప్యూటర్ నిద్ర లేస్తుంది. ఇవేవీ కొత్తవి కావు. టీఎఫ్‌టీపీ ప్రమాణపత్రం 1981 నాటిది. ఈ తంతునంతా ఒక వరసలో పెట్టిన పీఎక్స్‌ఈ 2.1 వివరాలను ఇంటెల్ 1999లో ప్రచురించింది.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. ఫాగ్ వాడేటప్పుడు కంప్యూటర్ ఈ కేక ఒక్కసారి కాదు, మూడుసార్లు వేస్తుంది. మదర్‌బోర్డులో ఉన్న ప్రోగ్రాము మొదటిసారి అడుగుతుంది. అది తెచ్చుకున్న ఐపీఎక్స్‌ఈ అనే చిన్న ప్రోగ్రాము రెండోసారి అడుగుతుంది. ఆ తర్వాత లేచే బుల్లి లైనక్స్ మూడోసారి అడుగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక కుర్రాడి సంగతి. రాయచోటి వైపు నుంచి వచ్చాడు. ఆ కేంద్రంలో టెక్నీషియన్‌గా చేరి రెండు నెలలైంది. కువైట్‌లో ప్రైవేటు రంగ కార్మిక చట్టం, అంటే 2010 నాటి 6వ నంబరు చట్టం ప్రకారం, ప్రొబేషను వంద పనిదినాలు దాటకూడదు. ఆ వంద రోజుల్లో మాత్రం నోటీసు లేకుండానే పంపించేయవచ్చు. ఇంటి దగ్గర అప్పు చేసి వచ్చినవాళ్ళకి ఆ వంద రోజులు ఎలా గడుస్తాయో వింటున్నవాళ్ళలో చాలామందికి తెలుసు.

మంగళవారం రెండు కంప్యూటర్లకి ఎక్కించి చూశాం. చక్కగా ఎక్కింది. గురువారం సాయంత్రం ఆరింటికి అన్నీ ఆన్ చేశాం. గందరగోళం మొదలైంది. కొన్ని, సరైన జవాబేదీ రాలేదని పీఎక్స్‌ఈ-ఈ16 అనే తప్పు చూపించి ఆగిపోయాయి. కొన్ని ఇంకాస్త ముందుకెళ్ళి, టీఎఫ్‌టీపీ సర్వర్ అడ్రసు టైపు చేయమని అడిగాయి. ఇంకొన్ని లైనక్స్ దాకా లేచి, "డీహెచ్‌సీపీ కుదరలేదు, లేదా సర్వర్ అందలేదు" అని చతికిలబడ్డాయి. కొన్నిటికి ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కింది. పైగా ఇప్పుడు ఆగిన కంప్యూటర్ పది నిమిషాల తర్వాత పనిచేస్తోంది!

మూడు రకాల తప్పులు కనబడేసరికి మూడు రోగాలనుకున్నాను. బూట్ ఫైలు మార్చాను. సెక్యూర్ బూట్ ఆపి ఉందో లేదో ఒక్కొక్కదాంట్లో చూశాను. సర్వర్‌లో సర్వీసులన్నీ ఆపి మళ్ళీ లేపాను. కేబుళ్ళు మార్చాను. ఏది చేసినా ఆ వెంటనే రెండు మూడు కంప్యూటర్లు పనిచేసేవి. "దొరికింది" అనుకునేవాణ్ణి. అంతలో ఇంకో నాలుగు ఆగేవి. తనంతట తాను తగ్గే జ్వరానికి ఏ మందు వేసినా పనిచేసినట్టే ఉంటుంది చూడండి, అలాగన్నమాట. అప్పుడప్పుడూ వచ్చే తప్పుతో ప్రమాదం ఇదే. ప్రతి తప్పుడు వైద్యాన్నీ కాసేపు గెలిపిస్తుంది.

తొమ్మిదింటికి మేనేజరు వచ్చాడు. చూసి, "మంగళవారం పనిచేసింది ఇవాళ చేయలేదంటే మధ్యలో ఎవరో ఏదో కెలికారు" అన్నాడు. కుర్రాడి వైపు చూశాడు. నన్ను పక్కకి పిలిచి, "ఇతన్ని ఆదివారం నుంచి రావద్దని చెప్పేస్తాను" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. తల ఊపాను. నాకూ లోపల అదే అనుమానం. అతను వెళ్ళాక కుర్రాణ్ణి గట్టిగానే అడిగాను, "నిజం చెప్పు, ఏం మార్చావు?" అని.

"నేనేం మార్చలేదన్నా. మొన్న బాగానే ఎక్కింది గదన్నా" అన్నాడు. కాసేపాగి, "అన్నా, ఒకసారి ఈ బుక్కు చూడన్నా" అన్నాడు. సాయంత్రం నుంచి అతని చేతిలో ఒక రూళ్ళ నోటుబుక్కు ఉంది. రెండుసార్లు చూపించబోయాడు. "తర్వాత" అని నేనే తోసేశాను. మూడోసారి అడిగేసరికి పదకొండు దాటింది, నా దగ్గర ఇంకే ఉపాయమూ మిగల్లేదు. అందుకే చూశాను.

నాలుగు గడులు గీశాడు. కంప్యూటర్ నంబరు, టైము, తెర మీద వచ్చిన మాట, తెర మీద కనబడిన అడ్రసు. అంతే. పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాను. పనిచేసినవాటన్నిటికీ అడ్రసు పదితో మొదలైంది. మా సర్వర్ కూడా ఆ వరసలోదే. ఆగినవాటిలో అడ్రసు కనబడినవాటన్నిటికీ 192.168.0తో మొదలైంది. ఆ వరస మాది కాదు. అంటే ఎయిర్‌పోర్టులో మన మనిషితో పాటు ఇంకో ఏజెంటు కూడా నిలబడి ఉన్నాడు. ఎవడి జవాబు ముందు పడితే కొత్తవాడు వాడి వెంట పోతున్నాడు. మూడు కేకల్లో ఏ కేకకి ఆ దొంగ ఏజెంటు ముందు పలికితే అక్కడ ఆగిపోతోంది. రోగాలు మూడు కావు, ఒకటే.

నా ల్యాప్‌టాప్‌ని అదే స్విచ్‌కి తగిలించి, వైర్‌షార్క్ అనే ప్రోగ్రాముతో తీగ మీద నడిచే మాటలు చూశాను. ప్రశ్న ఒకటి, జవాబులు రెండు. ఆ రెండో జవాబిచ్చిన అడ్రసుని బ్రౌజర్‌లో కొట్టాను. ఒక చిన్న వైఫై రూటరు పేజీ తెరుచుకుంది. దాని మీద ఉన్న పేరు చూసి నా నోట మాట రాలేదు. అది నేను పెట్టిన పేరే.

ఆగస్టులో ఒకరోజు ఫోన్లు పరీక్షించడానికి నా సంచిలోని రూటరు తీసి టీచరు బల్ల కింద తగిలించాను. పనయ్యాక ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ కట్టేశానే గాని, రూటరు తీయడం మరిచిపోయాను. మంగళవారం ఆ బోర్డు ఆపే ఉంది. గురువారం 32 కంప్యూటర్లకి కరెంటు కావాలని కుర్రాడు గదిలోని బోర్డులన్నీ ఆన్ చేశాడు. అతను చేయాల్సిన పనే చేశాడు. మధ్యలో కెలికింది నేను, అదీ నెల కిందట.

బల్ల కిందకి దూరి రూటరు పీకాను. ఒక్కొక్క విడతకి ఎనిమిది చొప్పున ఎక్కించుకుంటూ పోయాం. ఒక్కటీ ఆగలేదు. ఫజర్ అజాన్ వినబడే వేళకి ముప్ఫై రెండూ తయారు. పొద్దున మేనేజరుకి ఫోన్ చేసి, "తప్పు నాది, రూటరు నాది, ఆ అబ్బాయి రాసిపెట్టుకోబట్టే దొరికింది" అని చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పడానికి ఫోన్ చేతిలో పట్టుకుని అరగంట కూర్చున్నాను. ఆ రాత్రి కూలి నాకు రాలేదు. న్యాయమే. కుర్రాడు ఉద్యోగంలో ఉన్నాడు.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వింటుంటే వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. సర్వర్ చెడిపోయిందని మొదలుపెట్టకండి. మాట ఎక్కడ ఆగిందో వరసగా అడగండి. కేబుల్ దగ్గర లైటు వెలిగిందా? అడ్రసు వచ్చిందా, వస్తే ఇచ్చిందెవరు? అడ్రసు రావడమే ఆలస్యమైతే స్విచ్ సంగతి చూడండి. కొన్ని స్విచ్‌లు స్పానింగ్ ట్రీ లెక్కలు చూసుకుంటూ తీగ తగిలించాక 30 సెకన్ల దాకా దారివ్వవు, ఈలోపు కంప్యూటర్ విసుగెత్తి మానేస్తుంది. చెప్పిన ఫైలు సరైనదేనా? పాత బయాస్ మిషన్లకి ఒక ఫైలు, యూఈఎఫ్‌ఐ మిషన్లకి వేరే ఫైలు కావాలి. ఫైలు పేరు తెలిసినా చేతికి రాకపోతే, ఫైర్‌వాల్‌లో యూడీపీ 69వ పోర్టు చూడండి. లైనక్స్ లేచి డిస్కు కనబడలేదంటే, బయాస్‌లో డిస్కు రెయిడ్ పద్ధతిలో పెట్టి ఉందేమో చూడండి. ఇమేజ్ తీసేటప్పుడు మొరాయిస్తే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్, బిట్‌లాకర్ ఆపారో లేదో చూసుకోండి. అన్నీ బాగుండి నత్తనడక నడుస్తుంటే స్విచ్ వేగం చూడండి. 20 గిగాబైట్ల ఇమేజ్‌కి వంద మెగాబిట్ల తీగ మీద ఒక్క కంప్యూటర్‌కే దాదాపు 27 నిమిషాలు పడుతుంది. గిగాబిట్ తీగ మీద లెక్క ప్రకారం మూడు నిమిషాల లోపే. ఇక మంచి స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అని ఒక ఏర్పాటుంటుంది. దొంగ ఏజెంట్ల జవాబుల్ని అది గుమ్మంలోనే ఆపేస్తుంది. మాకు ఆ బుద్ధి తర్వాత పుట్టింది.

ఈ పనితో సంబంధం లేనివాళ్ళకీ ఒక ఉపయోగం ఉంది. ఇంట్లో వెనక గదికి సిగ్నల్ అందడం లేదని రెండో రూటరు కొంటాం. దాన్ని కూడా అడ్రసులు పంచనిస్తే ఒక్కోసారి ఇదే గొడవ. పిల్లల ప్రింటరు కనబడదు, ఊళ్ళో అమ్మతో వీడియో కాల్ ఒక ఫోన్‌లో వస్తుంది, ఇంకో ఫోన్‌లో రాదు. రెండో రూటరుని యాక్సెస్ పాయింట్ పద్ధతిలో పెట్టండి. ఒక ఇంట్లో అడ్రసులు ఇచ్చేది ఒక్కటే ఉండాలి.

చివరిగా ఒక్క మాట. ఆ రాత్రి నా మాస్టర్స్ డిగ్రీ చేయలేని పని ఒక నోటుబుక్కు చేసింది. నేను "ఎవరి తప్పు" అని వెతుకుతుంటే, ఆ కుర్రాడు "ఎక్కడ ఆగింది" అని రాసుకుంటూ పోయాడు. ఇప్పుడు నా సంచిలో కూడా ఒక రూళ్ళ నోటుబుక్కు ఉంటోంది. ఆ రూటరు మాత్రం ఇంట్లో అలమరలో పెట్టేశాను.

సెలవు. నమస్కారం.