బొమ్మ విమానముల పోటీలు: తరగతి నిర్ణయము



మన బండలాగుడు పందెములందు పాలపండ్ల ఎడ్లను ఆరుపండ్ల ఎడ్లతో పోటీకి నిలుపరు. పండ్లు చూచి తరగతి నిర్ణయింతురు. అమెరికాలోని ఐమాక్ సంఘమువారి బొమ్మ విమాన విన్యాసముల పోటీలలోను తరగతులు కలవు: బేసిక్, స్పోర్ట్స్‌మన్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, అన్‌లిమిటెడ్ అని 5. అయితే అచ్చట పండ్లు చూచువారు లేరు. నేలపై నిలిచి రేడియోతో విమానము నడపువాడే తన తరగతిని ఎంచుకొనవలెను. చిక్కంతయు నిందే యున్నది.

ఒక్కొక్క విన్యాసమునకు 10 మార్కులు. గీత 5 డిగ్రీలు తప్పినచో అర మార్కు పోవును. మిగిలినదానిని విన్యాసపు కాఠిన్యమును దెలుపు అంకెతో హెచ్చింతురు. కఠినమైన తరగతిలో చేరిన గెలుపు సులభమని కొందరు భ్రమింతురు. ఒక తరగతివారందరికిని విన్యాసముల వరుస యొక్కటే గాన, ఆ హెచ్చింపు అందరికిని సమానమే.

ప్రక్కగాలిలో సైతము ఆ వరుసను ఆపక ముగింపగలడా యని మొదట చూచుకొనవలెను. బేసిక్ దాటినవారికి వేరొక పరీక్ష కలదు. క్రొత్త వరుసను కాగితముపై నిత్తురు. విమానముతో సాధన చేయనీయరు. వల్లించిన పద్యము నొప్పజెప్పుట వేరు, క్రొత్త పద్యమునకు అన్వయము చెప్పుట వేరు గదా!

తొందరపడి పైకెక్కినవాడు తన విమానమునే పోగొట్టుకొనును. బహుమానమునకై క్రింది తరగతిని వదలని నేర్పరి క్రొత్తవారిని నిరుత్సాహపరచును. నా దృష్టిలో నిదియే పెద్ద దోషము.

బేసిక్‌నందు విన్యాసములకు తగిన యే బొమ్మ విమానమైనను చెల్లును. పై తరగతులకు నిజమైన విన్యాస విమానపు నమూనా కావలెను. కావున తొలియేట ఉన్న విమానముతోనే బేసిక్‌నందు దిగవచ్చును.