యువజనులకు సిమెంటులేని తుంటికీలు

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన వైద్యోపన్యాసము)



తుంటికీలు చెడుట ముదుసలుల వ్యాధియని లోకులు తలంతురు. కాని తొడయెముక తలకు నెత్తురందక యది చచ్చుట, కీళ్లవాతము, పుట్టుకలోని లోపము, ప్రమాదము, వీనివలన 30, 40 ఏండ్లవారును కుంటుచున్నారు. దీర్ఘకాలము స్టెరాయిడు మాత్రలు మ్రింగుటయు, అతిమద్యపానమును మొదటిదానికి ముఖ్యకారణములు. అట్టివారితో “అరువదియేండ్లు వచ్చువఱకు ఓర్చుకొనుము” అని పెద్దలు చెప్పుచుందురు. ఈ సలహా నేటికిని తగునా యనునదే నా ప్రసంగవిషయము.

1962వ సంవత్సరమున ఇంగ్లండునందలి రైటింగ్టన్ వైద్యశాలలో జాన్ చార్న్లీగారు లోహపు కాడను, ప్లాస్టిక్కు గిన్నెను ఆక్రిలిక్ సిమెంటుతో నెముకయందు బిగించి యీ చికిత్సకు స్థిరరూపము కల్పించిరి. వృద్ధులకది వరమయ్యెను. చుఱుకుగా తిరుగు వయసువారియందు మాత్రమా పట్టు త్వరలో వదులగుచుండెను. అందుచే తరువాతి దశకములలో సిమెంటును విడిచి, గరుకైన టైటానియము మొదలగు లోహపు కాడను ఎముకలోనికి బిగువుగా దింపు పద్ధతి వ్యాపించెను. వేరు రాతిసందులలోనికి పాఱినట్లు ఎముక యా గరుకులలోనికి పెరిగి కాడను పట్టుకొనును.

ఇరువదియేండ్లకు పైబడి రోగులను పరిశీలింపగా తేలినదేమి? ఎముకలో నాటుకొన్న కాడ యువకులయందును చక్కగా నిలుచుచున్నది. ఎక్కువగా చెడునది గిన్నెలోని ప్లాస్టిక్కు అస్తరు. అదియరిగి రాలిన సూక్ష్మరజమును శరీరకణములు మ్రింగి, ఆ యలజడిలో చుట్టునున్న యెముకనే కరగించును. ఈ దోషమును మొదట సిమెంటుపై మోపిరి. సిమెంటులేని కీళ్లయందును అదియే కానవచ్చినపుడు అసలు కారణము బోధపడెను. 1990 దశకాంతమున వచ్చిన, వికిరణముచే దృఢపఱచిన ప్లాస్టిక్కు ఈ యరుగుదలను మిక్కిలి తగ్గించినది.

అయినను లెక్కలు దాచరాదు. సిమెంటు గలవానిని, లేనివానిని కలిపి పరిశీలించి 2017లో ప్రకటించిన బ్రిటిషు పరిశోధనయందు, 70 ఏండ్లు దాటి చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 5 మందికి, 50 దాటిన తొలియేండ్లలో పొందిన పురుషులలో అంతకన్న చాల ఎక్కువమందికి, జీవితకాలములో మఱల శస్త్రచికిత్స అవసరపడునని తేలెను. చిన్నవానికి ముందున్న యేండ్లెక్కువ గదా!

అట్లని యౌవనమంతయు నొప్పితో గడుపుమనుట న్యాయము కాదు. నడకతోపాటు పోయిన కొలువును, సంసారభారము మోయవలసిన యేండ్లును అరువదియవ యేట తిరిగిరావు. తప్పనిసరియైనపుడు చికిత్స చేయించుకొనవలెను, చేయించుకొని మఱవరాదు. ఎముక కరగుట చాలకాలము నొప్పిలేకయే జరుగును. కావున సుఖముగా నడచుచున్నను వైద్యుడు చెప్పిన గడువులకు ఎక్సురే తీయించుకొనవలెను. సకాలమున కనుగొన్నచో పలుమారు అస్తరు మార్చిన చాలును. ఆలస్యమైనచో పోయిన యెముకను పూడ్చు పెద్దచికిత్స కావలసివచ్చును. అమర్చిన కీలు పేరును, కొలతయు గల వైద్యశాల కాగితమును ఇంటి దస్తావేజులతోపాటు భద్రపఱచుకొనుడు.

దాతలకొక మనవి. నిరుపేద యువకుని శస్త్రచికిత్సకు ద్రవ్యమొసగుట మహోపకారము. దానివెంట మున్ముందటి యెక్సురేలకును, ప్రయాణములకును కొంత సొమ్ము మన సంఘనిధియందు ప్రత్యేకపు పద్దుగా నుంచవలెనని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.