దిగివచ్చిన కోట

నేటి ధ్యానమునకు ఆధారము 18వ కీర్తన. మీ బైబిలు తెరచి 2వ వచనమును, 9వ వచనమును చూడండి.

దసరా సెలవులలో మేము ఇంటిల్లిపాదీ తాడిమర్రి నుండి ధర్మవరం మీదుగా పెనుకొండ కోట చూడబోయాము. పేరులోనే ఉన్నది, పెను కొండ అనగా పెద్ద కొండ. 1565లో తళ్ళికోట యుద్ధములో విజయనగర సైన్యము ఓడిపోయిన తరువాత, తిరుమల దేవరాయలు హంపీని విడిచి ఈ పెనుకొండను రాజధానిగా చేసికొనెను. ఎత్తైన కొండ, దానిమీద రాతిగోడలు. శత్రువు ఎక్కి రావడము కష్టము గదా!

కొండ క్రింద గగన మహలు ఉన్నది. మా నాయన అక్కడే కూర్చుండిపోయి, "నా చేత గాదురా, మీరు పోయి రాండి" అన్నాడు.

నిజము చెప్పవలెనంటే, ఆయన ఎక్కలేనిది ఆ కొండ ఒక్కటే కాదు. మా అమ్మ ప్రభువునందు నిద్రించినది మొదలుకొని, కుటుంబ ప్రార్థనలో ఆయన నోరు తెరవలేదు. "విశ్వాసి ఇట్లుండవచ్చునా?" అని నేను గద్దించితిని కూడా.

పైన పడిపోయిన గోడల మధ్య నిలిచినప్పుడు మా చిన్నవాడు అడిగాడు: "నాన్నా, శత్రువులు వస్తే తాతలాంటోళ్ళు ఇంత పైకి ఎట్ల ఎక్కుతారు?"

నా యొద్ద జవాబు లేదు. కొండమీది కోట ఎక్కగలిగిన వారికే ఆశ్రయము. రాజులకైనను అది నిలువలేదు; తరువాత రాజధాని చంద్రగిరికి తరలిపోయినది.

ప్రియులారా, సౌలు చేతిలోనుండి తప్పించబడిన దావీదు ఈ కీర్తనలో దేవుని తన కోట అని పిలుచుచున్నాడు. అయితే 9వ వచనములో ఏమి చూచుచున్నాము? దావీదు మొరపెట్టగా ఆ దేవుడే ఆకాశమును వంచి దిగివచ్చెను. కొండమీద ఉండి ఎక్కి రమ్మని పిలిచే కోట కాదు మన దేవుడు. బేత్లెహేము పశువుల తొట్టివరకు, సిలువవరకు దిగివచ్చినవాడు.

నేను కొండ దిగి వచ్చి నాయన ప్రక్కన కూర్చుంటిని. "నాయనా, నిన్ను గద్దించినది నా తప్పు" అని ఆయన చెయ్యి పట్టుకొని ప్రార్థించితిని. చివర ఆయన ఒక్క మాట పలికెను: "ప్రభువా!" అంతే. ఆ ఒక్క మాటకు నేను దేవుని స్తుతించితిని.

మీ ఇంటిలో ప్రార్థింపలేక మౌనముగా ఉన్నవారున్నారా? వారిని గద్దింపకండి, ప్రక్కన కూర్చుండండి. ఒకవేళ ఆ మౌనములో ఉన్నది మీరేనా? దిగులుపడకండి. మీరు కూర్చున్న చోటికే ఆయన వచ్చును.

ప్రార్థన చేసికొందము: దిగివచ్చిన మా దేవా, ఎక్కలేని వారికి నీవే కోటవై యుండుము. ఎక్కినామని అతిశయపడు మమ్మును క్షమించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.