స్థానబలము: వెనిస్ సంగీతము

నాదస్వరము ఊరేగింపునకు ముందు నడచు వాద్యము. గాలిగోపురము క్రిందను, మాడవీథులలోను మ్రోగినపుడు అది చెవికెంతో ఇంపు. దానినే ఇరుకుగదిలో తలుపులు మూసి వాయించినచో ఇంటివారు చెవులు మూసికొందురు. లోపము వాద్యములో లేదు, వాయించువానిలోను లేదు. తప్పినది స్థానము. స్థానబలమను మాటను మన పెద్దలు మనుష్యులను గూర్చి చెప్పినను, అది సంగీతమునకును చక్కగా చెల్లును.

ఐరోపాలో 16, 17 శతాబ్దములలో ఈ సత్యమును గ్రహించి, దానిపై ఒక సంగీత సంప్రదాయమునే నిలిపిన నగరము వెనిస్. పునరుజ్జీవనయుగము ముగిసి, బరోక్ అను క్రొత్త శైలి తలయెత్తిన కాలమది. నాటి సంగీతము నేడు రేడియో ద్వారా మన యింటి నట్టింటికి వచ్చుచున్నది. తాను పుట్టిన మందిరమును వెనుక విడిచి వచ్చిన ఆ సంగీతమున పోయినదేమి, మిగిలినదేమి అను ప్రశ్నను మనమిపుడు విచారింతము.

వెనిస్ ఉప్పునీటి కయ్యలోని దీవులపై వెలసిన పట్టణము. దానికి రాజు లేడు. దోజె అను పేర ఎన్నుకొనబడిన అధిపతి ఉండెడివాడు. ఆయన ప్రార్థనలు జరుపుకొను ఆలయము సాన్ మార్కో. ఇప్పుడున్న కట్టడము 1063లో ఆరంభమై 1094లో ప్రతిష్ఠింపబడినది. శిలువ ఆకారపు కట్టడము, పైని ఐదు గుమ్మటములు, లోపల బంగరు మెరుపుల మొజాయిక్ చిత్రములు. ఇట్టి వంపుల నడుమ పలికిన స్వరము వెంటనే అణగిపోదు. ఒక గుమ్మటమునుండి మరియొక గుమ్మటమునకు ప్రాకి, తిరిగి వచ్చి, తరువాతి స్వరముతో కలిసిపోవును. వడివడిగా పాడిన సంగతులు అచట చిక్కుపడును. నిలిపి పాడిన స్వరములు నిండుదనమును పొందును.

1527లో ఫ్లాండర్స్ ప్రాంతీయుడగు ఆడ్రియన్ విలార్ట్ ఆ ఆలయమునకు ప్రధాన సంగీతాచార్యుడై, 1562లో మరణించువరకు ఆ పదవిలో నుండెను. గాయకులు రెండు వర్గములై, ఒకరు పాడగా మరియొకరు బదులు పలుకు పద్ధతి ఉత్తర ఇటలీలో అంతకు మునుపే కలదు. దానికి ఘనత చేకూర్చినవాడు విలార్ట్. అట్టి కీర్తనల సంపుటి 1550లో అచ్చుపడినది. మన భజనగోష్ఠిలో ముందువారు అనిన దానిని వెనుకవారు అందుకొందురు. అయితే మన వెనుకవారు విన్నదానినే మరల పాడుదురు. వెనిస్ గాయకులలో రెండవ వర్గము మాటను ముందుకు నడిపించును. అది ప్రతిధ్వని కాదు, సంభాషణ.

ఈ సంభాషణను పరాకాష్ఠకు చేర్చినవాడు జొవాన్ని గాబ్రియేలీ. 1585 మొదలు 1612లో మరణించువరకు ఆయన సాన్ మార్కోలో ఆర్గను వాదకుడు. 1597లో వెలువడిన ఆయన సంపుటిలో "సొనాటా పియాన్ ఎ ఫోర్టే" అను వాద్యరచన కలదు. అందు ఎనిమిది వాద్యములు రెండు వర్గములుగా నిలుచును. ఒక్కొక్క వర్గములో మూడేసి ట్రాంబోనులు. వానికి తోడు ఒకదానిలో కార్నెట్టు అను కొయ్యబాకా, రెండవదానిలో వయొలిను. ఏ వాద్యము ఏ భాగమును వాయింపవలయునో, ఎచట మెల్లగా ఎచట బిగ్గరగా పలుకవలయునో అచ్చుపుటలోనే సూచించిన తొలిరచనలలో ఇది యొకటి. ఒక వర్గము ఒంటిగా పలికినపుడు మెల్లన. రెండును కలిసినపుడు ఉద్ధృతి. కట్టడపు స్వభావము ఇట్లు కాగితముపైకి ఎక్కినది.

ఇంత వైభవమును విన్నవారెవరు? 2007లో డెబోరా హొవార్డ్, లారా మొరెట్టి అను పరిశోధకులు కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాల గాయకులను వెంటగొని, వెనిస్ దేవాలయములలో నాటి రచనలను పాడించి, ధ్వనిని కొలిచిరి. 1530, 1540 దశకములలో శిల్పి సాన్సొవీనో బలిపీఠపు ఆవరణమునకు ఇరుప్రక్కల గాయకులకై చిన్న అరుగులు కట్టించెను. దోజె ఆసనము ఆ ఆవరణములోనిదే. అచట కూర్చున్నవారికి ఇరుదెసల గానము వేర్వేరుగా, స్పష్టముగా వినవచ్చును. ఆవల విశాలమండపములో నిలిచినవారికి అదే గానము కలగాపులగముగా చేరును. గాయకులు ఏ పండుగకు ఎచట నిలిచిరను విషయమున పండితులలో భేదాభిప్రాయములు లేకపోలేదు. కాని ఆ సంగీతమున ఉత్తమభాగము కొలదిమందికే దక్కినదనుట మాత్రము స్పష్టము. స్థానబలమునకు ఇట్టి మరియొక ముఖము కూడ కలదు.

చిత్రకళలోను ఇదే కథ. సాన్ మార్కోకు ఎదుట, నీటికావల, సాన్ జోర్జో మజ్జోరె దీవిలో సన్న్యాసుల మఠము కలదు. దాని భోజనశాలను కట్టినవాడు వాస్తుశిల్పి పల్లాడియో. ఆ శాల గోడకై పావొలో వెరోనీసే 1563లో "కానా వివాహము" అను చిత్రమును పూర్తిచేసెను. దాని వెడల్పు పది మీటర్లకు కొంచెమే తక్కువ. విందు నడుమ వాద్యకారుల కూటమి కూర్చున్నది. వారు వెరోనీసే, టిషియన్ మొదలగు నాటి చిత్రకారులేయని సంప్రదాయముగా చెప్పుదురు. భోజనశాలలో కూర్చున్న సన్న్యాసులకు ఎదుటి గోడపై ఆ విందు తమ పంక్తికి కొనసాగింపువలె కనబడెడిది. 1797లో నెపోలియను సేనలు ఆ చిత్రమును ముక్కలుగా కోసి పారిస్‌కు తరలించినవి. అది నేటికిని లూవ్ర్ ప్రదర్శనశాలలోనే యున్నది. 2007లో దాని సరిసమానమైన నకలును చేయించి, పాత భోజనశాలలో వ్రేలాడదీసిరి. అసలు చిత్రమునకు చోటు పోయినది. చోటునకు నకలు దక్కినది. అయితే నాడు మఠవాసులు చూచిన చిత్రమును నేడు లోకమంతయు చూచుచున్నది.

స్థానము పోయినపుడు కళలో మిగులునదేమి? ఈ ప్రశ్నకు తరువాతి తరము తానెరుగకయే సమాధానము చెప్పినది. 1613లో సాన్ మార్కో ఆచార్యపదవికి క్లాడియో మాంటెవెర్డి వచ్చెను. బరోక్ సంగీతమునకు త్రోవ తీసిన మహనీయులలో ఆయన అగ్రగణ్యుడు. ఒకటి రెండు గొంతులు, క్రింద శ్రుతిని మోయు మంద్రవాద్యము, అన్నిటికంటె ముందు మాట యొక్క భావము: ఇదియే ఆ క్రొత్త మార్గము. 1630, 1631 సంవత్సరములలో మహామారి వెనిస్ జనములో ఇంచుమించు మూడవ వంతును బలిగొన్నది. నగరసభ మ్రొక్కుకొన్న మ్రొక్కు ప్రకారము బాల్దస్సారె లొంగేనా సాంతా మరియా దెల్లా సలూతె అను ఎనిమిది కోణముల దేవాలయమునకు రూపకల్పన చేసెను. బురదనేలలో పది లక్షలకు మించిన దుంగలను దిగగొట్టి దానికి పునాది వేసిరని చెప్పుదురు. ప్రతిష్ఠ జరిగినది 1687లో. అప్పటికి మాంటెవెర్డి పోయి 44 ఏండ్లు, లొంగేనా పోయి 5 ఏండ్లు. కాని నేటికిని ప్రతి నవంబరు 21వ తేదీని వెనిస్ ప్రజలు నీటిపై వంతెన వేసికొని, ఆ గుడికి కొవ్వొత్తులతో పోవుచున్నారు. ఇచట స్థానమునకు బలమిచ్చినది రాయి కాదు, జనుల జ్ఞాపకము.

ఇక గాబ్రియేలీ శిష్యుడగు హైన్రిఖ్ షుట్జ్ మాట. ఈ జర్మను యువకుడు 1609లో వెనిస్‌కు వచ్చి, గురువు మరణించువరకు ఆయనకడ నేర్చెను. పిదప డ్రెస్డెన్ ఆస్థానమున చేరి, 1619లో గురువు పద్ధతిని అనుసరించి పలు బృందములు కలిసి పాడు దావీదు కీర్తనలను ప్రకటించెను. అప్పటికే జర్మను దేశములో ముప్పది సంవత్సరముల యుద్ధము రగులుకొన్నది. ఆస్థానపు ధనము సైన్యములకు పోయెను. వాద్యకారులు చెదిరిరి. బృందములు కట్టుటకు మనుష్యులే కరవైరి. షుట్జ్ కలము మానలేదు. 1636లోను 1639లోను "చిన్న పవిత్రగోష్ఠులు" అను రెండు సంపుటములు వెలువరించెను. ఒక గొంతు మొదలు ఐదు గొంతులవరకే పాడువారు; ఆర్గను వంటి తోడు ఒక్కటే. యుద్ధము సంగీతమును కూలద్రోసినదని ఆయన ఆ పీఠికలోనే వాపోయెను. అయినను ఆ చిన్న రచనలు దరిద్రములు కావు. ఒక మాట ప్రశ్నింపగా మరియొక మాట బదులు చెప్పుట, నడుమ మౌనము నిలుచుట, ఉభయులు ఒక్కటగుట, ఇవి అందు పదిలముగా నున్నవి. గుమ్మటము పోయినది; సంభాషణ మిగిలినది.

మన ప్రశ్నకు జవాబు ఇందు దొరకుచున్నదని మేము తలంతుము. రేడియో సాన్ మార్కో గుమ్మటములను మన యింటికి తేజాలదు. ఒక్క స్పీకరున్న పెట్టెలో రెండు దిక్కుల గానము ఒక్క నోటినుండియే వెలువడును. ఈ లోటు నిజమే, దానిని దాచనక్కరలేదు. కాని దోజెల ప్రభుత్వము 1797లో అంతరించినది. ఆయన ఆసనమునకు మాత్రమే స్పష్టముగా అందిన సంగీతము నేడు వంటయింటి గడపకును అందుచున్నది.

ఇకమీదట గాబ్రియేలీ రచన ప్రసారమైనపుడు ఒక్క పని చేయుదము. తొలి నిమిషములో ఏ వర్గము పలుకుచున్నదో, ఏది బదులిచ్చుచున్నదో గుర్తింప యత్నింతము. వయొలిను చేరిన వర్గమొకటి, కొయ్యబాకా చేరిన వర్గమొకటి. ఆ రెంటిని వేరుచేసి వినగలిగిన చెవికి, ఇరుకుగదిలోనైనను కొంత మందిరము లేచి నిలుచును. మిగిలిన భాగమును వినుటకు వెనిస్‌కు పోవలసినదే.