పాత ఫిర్యాదులను పారవేయరాదు
(సంవత్సరాది సభలో చేసిన ప్రసంగము)



పండుగకు ఇల్లు దులుపుకొనుట మన ఆచారము. ఈ ఏడు మా మేనల్లుడు తన కంప్యూటరు కూడ దులుపబోయినాడు. వాడును వాని మిత్రులును ఫోనులో తెలుగు వ్రాయుటకొక చిన్న ప్రోగ్రాము నడుపుచున్నారు. అందులో తప్పులున్నవని జనము పంపిన పాత ఫిర్యాదులను తుడిచివేయుదునని కూర్చున్నాడు. "బాగుచేసినవి కొన్ని, ఎవరును పలుకనివి కొన్ని. ఈ చెత్త ఎందుకు మామయ్యా?" అన్నాడు. మేము రైల్వే గుమాస్తాలము. కాగితము చింపుటకు మాకు చేతులు రావు.

ప్రోగ్రాములోని తప్పును వారు 'బగ్', అనగా పురుగు, అందురు. 1947లో హార్వర్డువారి మార్క్ 2 యంత్రములో నిజముగనే ఒక రెక్కల పురుగు చిక్కినది. దానిని లెక్కల పుస్తకములో అంటించి పెట్టినారు. ఆ పుస్తకము నేటికిని స్మిత్సోనియన్ మ్యూజియమువారి వద్ద భద్రముగా నున్నది!

మన అక్షరము సంగతి వినుడు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ను చూపలేక ఐఫోనులలో యాప్‌లు కూలినవి. జ్ఞానమని వ్రాసిన ప్రతివారికిని కాదు సుమా. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని ఒక గుర్తు, పిదప దీర్ఘము: ఈ వరుసలో వచ్చినప్పుడే. ఆ గుర్తు పనికిమాలినది కాదు. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాయునపుడు వకారము ఒత్తుగా మారి క్రిందికి దిగకుండ ఆపునది అదే. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకును అదే గతి యని పిదప తేలినది. ఆపిల్‌వారు ఆ నెలలోనే 11.2.6 విడుదలలో సరిదిద్దినారు.

సరిదిద్దిన పిదప ఆ ఫిర్యాదెందుకు? రేపు మరియొకరు అక్షరములు పేర్చు ప్రోగ్రాము క్రొత్తగా వ్రాసినచో, ముందుగా ఆ వరుసనే ఇచ్చి పరీక్షింపవచ్చును. "తెలుగు వ్రాసిన ఫోను ఆగినది" అన్న మాట మాత్రమే మిగిలినచో తెలుగురాని ఇంజనీరు ఏమి చేయగలడు?

మా పార్సెలు ఆఫీసులో ఒక ఎలక్ట్రానిక్ కాటా అప్పుడప్పుడు బరువు ఎక్కువ చూపెడిది. మెకానిక్ మధ్యాహ్నము వచ్చి, బాగున్నదని సంతకము చేసి పోయెడివాడు. వర్తకులతో రోజూ తగవే. ఒకనాడు పాత రిజిస్టరు తిరుగవేయగా, పూర్వపు గుమాస్తా ఎవరో "వాన కురిసిన రాత్రి, తెల్లవారుజామున మాత్రమే" అని వ్రాసియుంచినారు. మెకానిక్‌ను ఆ వేళకు రప్పించితిమి. లోపల చెమ్మ పట్టుచున్నది!

ఇక ఎవరును పలుకనివి. కొన్నిచోట్ల చాలకాలము కదలిక లేని ఫిర్యాదును యంత్రమే మూసివేయును. మూయవచ్చును గాని తుడువరాదు. పలుకనివాని ఫోను బాగుపడినదని కాదు, విసిగి మానుకొనియుండవచ్చును. 1998లో మొదలైన మోజిల్లావారి బగ్‌జిల్లాలో పాతవి నేటికిని చదువవచ్చును. అదే తప్పు మరల వచ్చినచో పాతదానికి ముడివేయుదురు. పంపినవారి ఫోను నంబర్లు తీసివేయుట మాత్రము న్యాయమే.

మావాడు తుడుచుట ఆపినాడు. ఒక ఫిర్యాదు మాత్రము అర్థము కాకున్నది: "మా అమ్మ పేరు విరిగిపోవుచున్నది" అని ఉన్నది, ఆ పేరేదో లేదు. పంపినవారు ఈ సభలో నున్నచో, భోజనముల వేళ వానికి ఆ పేరు వ్రాసి ఈయగలరు.