ఇరవయ్యొక్క ఏళ్లు ఆగిన సైకిలు

(ఇబ్రహీంపట్నంలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పట్టాల గురించి, పింఛన్ల గురించి, గృహహింస కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు సరిహద్దు కొండల్లో సైకిలు యాత్ర అంటే దీనికీ మనకూ ఏం సంబంధం అనుకోవచ్చు. డెర్వ్లా మర్ఫీ సంగతి చెబుతాను, మీరే చూడండి.

ఐర్లండ్‌లో లిస్మోర్ అనే చిన్న ఊరు ఆమెది. 1941లో పదో పుట్టినరోజుకు ఒక పాత సైకిలూ, ఒక అట్లాసూ కానుకగా వచ్చాయి. కొన్నాళ్లకే ఊరి దగ్గర గుట్ట ఎక్కుతూ, ఇట్లాగే తొక్కుకుంటూ పోతే ఇండియా చేరతాను కదా అనుకుంది. కానీ బయలుదేరింది 1963 జనవరిలో! ఈ మధ్యలో ఏమైంది? తల్లికి కీళ్లజబ్బు, మంచం పట్టింది. ఒక్కతే బిడ్డ. పద్నాలుగో ఏట బడి మాన్పించారు. 1962లో తల్లి పోయేదాకా ఆ చాకిరీ ఆమెదే. కొడుకైతే మాన్పించేవారా? పత్రికలవాళ్లు ఆమె గురించి రాసినప్పుడల్లా తోడేళ్లనూ తుపాకీనీ రాస్తారు. ఈ ఇరవయ్యొక్క ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు.

యాత్ర కష్టం కాదని కాదు. ఆ ఏడు యూరప్‌లో చలి భయంకరం. అయినా యుగోస్లావియా, టర్కీ, ఇరాన్ దాటింది. టెహరాన్‌లోని అఫ్ఘాన్ రాయబార కార్యాలయం, ఒంటరి ఆడమనిషికి సైకిలు మీద పోయేందుకు వీసా ఇవ్వమని మొదట చెప్పింది. పట్టుబట్టి తెచ్చుకుంది. ఇంతా చేసి అఫ్ఘానిస్తాన్‌లో ఆమె పక్కటెముకలు మూడు విరిగింది సైకిలు మీద కాదు, జనంతో నిండిన బస్సులో! ఎవరో తగాదా పడుతుంటే తుపాకీ మడమ తగిలింది. తర్వాత సింధు లోయలో చిలాస్ దారిన వడదెబ్బ, ఆ పైన 13,000 అడుగులకు పైబడిన బాబూసర్ కనుమ మీద మంచు. సైకిలును మోసుకుంటూ దాటి, జూలైలో ఢిల్లీ చేరింది. 2022లో, 90 ఏళ్ల వయసులో చనిపోయింది.

అదే అఫ్ఘానిస్తాన్‌లో, ఫర్యాబ్ ప్రాంతంలో, ఫరీబా, యుల్దుజ్ హాషిమి అనే అక్కచెల్లెళ్లు పుట్టారు. మొదటి పందెంలో దొంగపేర్లతో, ఎవరూ గుర్తుపట్టకుండా వదులు బట్టలేసుకుని తొక్కారు. 2021లో తాలిబన్లు మళ్లీ వచ్చాక దేశం విడిచి ఇటలీ చేరారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇద్దరూ పోటీచేశారు. పరాయి దేశపు స్త్రీ తొక్కుకుంటూ దాటిన నేలమీద ఆ నేల బిడ్డలే తొక్కలేని స్థితి!

ఇక మన పక్కకు వద్దాం. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు ఆడవాళ్లు వేలాదిగా సైకిలు నేర్చుకున్నారు. కలెక్టరు షీలారాణి చుంకత్ దీన్ని ఉద్యమంలో భాగం చేశారు. లేడీస్ సైకిళ్లు చాలక జెంట్స్ సైకిళ్లు కొన్నారు. తీరా చూస్తే చాలామందికి అవే నచ్చాయి. ముందు రాడ్డు మీద పిల్లను కూచోబెట్టుకోవచ్చుగా! మనలో ఎవరైనా కార్యక్రమం రాసేటప్పుడు ఈ రాడ్డు సంగతి ఆలోచిస్తామా? అది తొక్కేవాళ్లకే తెలుస్తుంది.

మన రాష్ట్రంలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. మంచిదే, పోరాడి నిలుపుకోవాల్సిందే. అయితే బస్సు తన దారిన తాను పోతుంది, తన వేళకు తాను పోతుంది. సాగర్ రోడ్డు మీద దిగిన పిల్ల లోపలి ఊరికి, తండాకు ఎట్లా పోవాలి? షేర్ ఆటో కోసం చీకటిపడేదాకా నిలబడాలి. ఇంట్లో సైకిలుంటే తమ్ముడి దగ్గరుంటుంది. "దూరం కదా, భయం" అని పదో తరగతితో ఆపేస్తారు. ఇంట్లో ముసలామె మంచాన పడితే అసలు ఆ మాట కూడా అక్కర్లేదు.

కాబట్టి ఒక పని అడుగుతున్నాను. వచ్చే సమావేశానికి ఎవరి ఊరి లెక్క వాళ్లు రాసుకురండి. పదో తరగతి తర్వాత ఎంతమంది ఆడపిల్లలు ఆగారు, దూరం వల్ల ఎందరు, ఇంట్లో రోగిని చూసుకోవడానికి ఎందరు. ఇంట్లో సైకిలు ఉందా, ఉంటే ఎవరు తొక్కుతున్నారు. తల్లిని అడగండి, పిల్లను విడిగా అడగండి. రెండు జవాబులూ రాయండి.